ఉచితంగా లాయర్‌ని ఇస్తామన్నా మనిషి రెండోసారి ఎందుకు రావడం లేదు?

కొత్త_నల్లకోటు:

లాయర్‌గా ఎన్‌రోల్ అయి రెండేళ్లయింది. ఎనిమిది నెలల నుంచి వారానికి రెండు పూటలు ఒక ఉచిత న్యాయ సహాయ కేంద్రంలో కూర్చుంటున్నాను. ఏ కేంద్రమో చెప్పను. చెప్పినా తేడా ఏమీ ఉండదు, వేరే చోట్ల కూర్చునే స్నేహితులు కూడా ఇదే కథ చెప్తున్నారు.

నా బాధ ఇది. మనిషి వస్తారు, ముప్పావు గంట కూర్చుని మొత్తం చెప్పుకుంటారు, నేను రాసుకుంటాను, ఫలానా కాగితాలు తెమ్మంటాను, తల ఊపుతారు, దండం పెట్టి వెళ్తారు. అంతే. మళ్లీ కనపడరు. నా నోట్‌బుక్ తిరగేస్తే పది మందిలో ఆరేడుగురు మొదటి పేజీతోనే ఆగిపోయారు. ఫోన్ చేస్తే స్విచాఫ్, లేదంటే ఎవరో ఎత్తి "వాళ్లు ఇక్కడ ఉండరు" అని పెట్టేస్తారు.

పోయిన నెల ఒకావిడ వచ్చింది. ఇల్లు ఖాళీ చేయించమని ఓనరు కేసు వేశాడు, సమన్లు వచ్చాయి. ప్లాస్టిక్ కవర్ నిండా కాగితాలు తెచ్చింది, వానకి తడిసి ఒకదానికొకటి అంటుకుపోయాయి, ఒక్కొక్కటీ గోరుతో విడదీసి ఇద్దరం బల్ల మీద ఆరబెట్టాం. సమన్ల కాగితం దొరికింది గానీ అది చేతికి ఎప్పుడొచ్చిందో ఆవిడకి గుర్తు లేదు. అది వచ్చిన పోస్టు కవరేదమ్మా, తేదీ ముద్ర దాని మీదే ఉంటుంది అంటే "కాగితం తెచ్చాను కద సార్, కవరెందుకని పారేశాను" అంది. గడువు లెక్క మొదలయ్యేది అది చేతికందిన రోజు నుంచే మరి. సరే, అద్దె కట్టిన రసీదులు వెతికి నాలుగు రోజుల్లో రండి, జవాబు దాఖలు చేద్దాం అన్నాను. రాలేదు. చివరికి ఆవిడ లేకుండానే ఎక్స్‌పార్టీ చేసేశారు, అంటే ఆవిడ మాట వినకుండానే కేసు నడిపేశారు. అదే రోజు అదే బిల్డింగులో, పై అంతస్తులో ఇంకో కేసులో ఉన్నాను నేను. తన తరఫున వాదించమని ఒప్పుకునే వకాలతు మీద ఆవిడ సంతకమే తీసుకోలేదు కాబట్టి పరిగెత్తుకెళ్లి ఆవిడ తరఫున నిలబడ్డానికి కూడా లేదు.

మా సీనియర్ "ఊరికే వచ్చేదానికి విలువుండదోయ్, ఫీజు కట్టినవాడైతే పిలవకపోయినా వస్తాడు" అంటారు. మొదట్లో ఆ మాటకి ఒళ్లు మండేది. ఇప్పుడు నాకూ అదే అనిపిస్తోంది, అలా అనిపిస్తున్నందుకు ఇంకా చిరాగ్గా ఉంది. నిజంగా అంతేనా? ఏళ్ల తరబడి ఈ పని చేసినవాళ్లు, లేదా బల్లకి అవతలి వైపు కూర్చున్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. ఉపన్యాసాలు వద్దు, దేనివల్ల పని జరిగిందో అది చెప్పండి చాలు.

—

బల్లకి_అవతల:

అవతలి వైపు కూర్చున్నదాన్ని నేనే. భరణం కేసు, ఉచిత లాయర్, మూడేళ్లు నడిచింది. మీకు కోపం వచ్చినా పర్లేదు, ఉన్నదున్నట్టు చెప్తా.

ముందు ఆ తల ఊపడం గురించి. మీరు చెప్పింది అర్థమై ఊపారనుకుంటున్నారు. నేనూ అలాగే ఊపాను. మా లాయర్ గారు "కౌంటర్ వచ్చాక రిజాయిండర్ వేద్దాం, ఈలోపు ఇంటెరిమ్‌కి అఫిడవిట్ కావాలి" అన్నారు. వాటిలో ఒక్క ముక్క తెలిస్తే ఒట్టు. బయట ఇంకో పదిహేను మంది కూర్చుని ఉన్నారు, డబ్బులు తీసుకోకుండా చేస్తున్న మనిషిని మళ్లీ మళ్లీ అడిగితే విసుక్కుంటారేమోనని భయం. డబ్బిచ్చి ఉంటే నాలుగుసార్లయినా అడిగేదాన్ని. ఊరికే వచ్చేదాని గురించి మీ సీనియర్ గారు అన్న మాట తిరగేసి చూడండి: విలువ లేక కాదు, అడిగే హక్కు లేదనుకుని నోరు మూసుకుంటాం.

ఇంక కాగితాలు. భరణం రావాలంటే నాకు ఆదాయం లేదని నేను రుజువు చేసుకోవాలి. దానికి ఒక సర్టిఫికెట్, అది ఇచ్చే ఆఫీసు నేను పనిచేసే వేళల్లోనే తెరిచి ఉంటుంది. వాయిదాకి ఒక రోజు కూలి పోయింది, సర్టిఫికెట్‌కి రెండు రోజులు పోయాయి, మూడోసారి సెలవడిగితే మేస్త్రీ ఇంక రావద్దన్నాడు. బీదరాలినని నిరూపించుకునేసరికి నిజంగానే ఇంకా బీదదాన్నయ్యాను. నవ్వొస్తుంది ఇప్పుడు.

అన్నిటికన్నా కష్టమైంది వేరే ఉంది. మూడేళ్లలో నాకు ముగ్గురు లాయర్లు మారారు. మొదటాయన వేరే ఊరు వెళ్లిపోయారు, రెండో ఆవిడ ఉచిత సహాయం చేసే లాయర్ల ప్యానెల్ నుంచి తప్పుకున్నారు. మారినప్పుడల్లా మా ఆయన నన్ను ఎక్కడ కొట్టాడో, ఎప్పుడు కొట్టాడో, పిల్లలు చూశారా లేదా మొదటి నుంచీ చెప్పాలి. మూడో ఆయన నా ఫైలు మొదటిసారి తెరిచింది కోర్టు హాలు బయట వరండాలో, మా పేరు పిలవడానికి ముందు. చదువుతూనే "మీ పెళ్లయింది ఎప్పుడు?" అనడిగారు. ఆ రోజు ఇంటికెళ్లిపోదామనిపించింది. మా చెల్లెలు పక్కన ఉంది కాబట్టి ఆగాను.

మీరు అంటున్న ఆ ఆరేడుగురి పక్కన చెల్లెలు ఉండి ఉండదు.

—

పాత_ఫైలు:

ఇరవై రెండేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. పైన ఆ అమ్మాయి చెప్పినదాంట్లో ఒక్క మాట కూడా తీసేయడానికి లేదు. మీ సీనియర్‌కి చూపించండి.

మీ ప్రశ్నలో నాకు కనపడిన మొదటి తప్పు మీకూ తెలిసిపోయినట్టుంది. వకాలతు సంతకం మొదటి రోజే తీసుకోవాలి. "కాగితాలు తెచ్చాక చూద్దాం" అన్నామంటే మనిషి లేచి వెళ్లిపోయినట్టే. సంతకం ఉంటే కనీసం వెళ్లి నిలబడి గడువు అడగొచ్చు, ఎక్స్‌పార్టీ కాకుండా ఆపొచ్చు. రసీదులు తర్వాత చూసుకోవచ్చు. అయితే సంతకం తీసుకున్నాక ఆ కేసు మీ మెడకి పడుతుంది, అందుకే చాలామంది జూనియర్లు తీసుకోరు. ఈ మాట బయటికి ఎవరూ ఒప్పుకోరనుకోండి.

"వాళ్లు రాలేదు, అడగలేదు" అనే వాదన మనం కొత్తగా కనిపెట్టింది కాదు. కోర్టులు దీన్ని ఎప్పుడో విని పక్కన పెట్టాయి. సుక్ దాస్ కేసు చూడండి, 1986, భారత సుప్రీంకోర్టు. అప్పటి అరుణాచల్ ప్రదేశ్ కేంద్రపాలిత ప్రాంతంలో ఒకాయనకి లాయర్ లేకుండానే విచారణ జరిగి శిక్ష పడింది. హైకోర్టు ఏమందంటే, ఆయన లాయర్ కావాలని దరఖాస్తు పెట్టుకోలేదు కాబట్టి విచారణలో లోపమేమీ లేదంది. సుప్రీంకోర్టు ఆ శిక్ష కొట్టేసింది. ఉచిత సహాయం దొరుకుతుందని తెలియనివాడు దాన్ని అడగలేదని వాడి మీదే తప్పు వేస్తే ఎలా అన్నది అక్కడ అసలు పాయింటు. చెప్పాల్సిన బాధ్యత విచారణ జరిపే మేజిస్ట్రేటుది.

ఇంకోటి ఐర్లాండుది, 1979, యూరోపియన్ మానవ హక్కుల కోర్టు దాకా వెళ్లింది, ఎయిరీ అనే ఆవిడ కేసు. భర్త నుంచి కోర్టు ద్వారా విడిగా ఉండే ఉత్తర్వు కావాలి ఆవిడకి, లాయర్‌ని పెట్టుకునే స్తోమత లేదు, సివిల్ కేసులకి అక్కడ అప్పట్లో న్యాయ సహాయం లేదు. ప్రభుత్వం వాదన చూడండి: హైకోర్టు తలుపు తెరిచే ఉంది, ఆవిడే వెళ్లి వాదించుకోవచ్చు కదా అని! కోర్టు లెక్క తీస్తే 1972 నుంచి 1978 వరకు అలాంటి కేసులు 255 పడితే, అన్నిట్లోనూ కేసు వేసినవాళ్లకి లాయర్ ఉన్నారు. ఒక్కరంటే ఒక్కరు కూడా సొంతంగా వేయలేదు. తలుపు తెరిచి ఉండటం వేరు, లోపలికి వెళ్లగలగడం వేరు అని ఆ 255 అంకే చెప్పేసింది. మీ నోట్‌బుక్‌లో ఆరేడుగురి లెక్క చదవగానే నాకు ఇదే గుర్తొచ్చింది.

ఇక లాయర్ల వైపు సంగతి కూడా దాచకుండా చెప్పాలి. ప్యానెల్ ఫీజు తక్కువ, అదీ కేసు అయ్యాకో దశ దాటాకో వస్తుంది, బిల్లు పెట్టి నెలలు చూడాలి. దాంతో ఏమవుతుంది? చెయ్యి తిరిగినవాడు తప్పుకుంటాడు, కొత్తవాడు పని నేర్చుకోవడానికి వస్తాడు, నేర్చుకున్నాక వాడూ తప్పుకుంటాడు. మనం పేదవాళ్ల కేసుల మీద చెయ్యి తిప్పుకుని, తిరిగిన చెయ్యిని డబ్బున్నవాళ్లకి అమ్ముకుంటున్నాం. నేనూ మధ్యలో నాలుగేళ్లు అదే చేశాను.

కేసుల బరువు ఇంకోటి. అమెరికాలో 1973లోనే ఒక జాతీయ కమిషన్, ప్రభుత్వ ఖర్చు మీద వాదించే లాయర్ ఏడాదికి పెద్ద నేరాల కేసులైతే 150, చిన్నవైతే 400 దాటకూడదని గీత గీసింది. 400 అంటే సెలవులు తీసేస్తే రోజుకి ఒకటి కన్నా ఎక్కువే. ఆ గీతే చాలా ఎక్కువని 2023లో అక్కడే కొత్త అధ్యయనం తేల్చింది. ఇంత బరువు మీదున్నవాడు ఫైలు వరండాలో కాక ఇంకెక్కడ తెరుస్తాడు? సమర్థించడం లేదు, అలా జరగడానికి కారణం చెప్తున్నా.

—

ముక్కుసూటి:

అందరూ గిడియన్ కేసు ఎప్పుడు తెస్తారా అని చూస్తున్నా, ఎవరూ తేలేదు కాబట్టి నేనే తెస్తా. అమెరికాలోని ఫ్లోరిడాలో గిడియన్ అనే ఆయన మీద దొంగతనం కేసు, 1961లో లాయర్ కావాలని జడ్జిని అడిగితే ఇవ్వలేదు, తనే వాదించుకున్నాడు, ఐదేళ్లు పడింది. జైల్లోంచి పెన్సిల్‌తో సుప్రీంకోర్టుకి రాశాడు, 1963లో గెలిచాడు. అందరూ కథ అక్కడ ఆపేస్తారు. నాకు నచ్చేది ఆ తర్వాతది. అదే కోర్టులో, అదే కేసు, ఈసారి పక్కన మంచి లోకల్ లాయర్, జ్యూరీ గంటలో నిర్దోషి అని తేల్చింది. మనిషి మారలేదు, కేసూ మారలేదు. మధ్యలో ఒక లాయర్ వచ్చాడు, అంతే తేడా.

కానీ ఇక్కడే నాకో పేచీ ఉంది. అది క్రిమినల్ కేసు. జైలుకి పంపేటప్పుడు లాయర్ ఇవ్వాలన్నది చాలా దేశాలు ఒప్పుకుంటాయి. మన ప్రశ్నలో ఆవిడది ఇంటి కేసు. ఇల్లు, భరణం, అప్పు, ఉద్యోగం లాంటి సివిల్ గొడవలకి అంత గట్టి హామీ చాలా చోట్ల లేదు, ఉన్నచోట కూడా డబ్బు తక్కువైతే ముందు కోత పడేది వీటికే. ఇంగ్లండ్‌నే చూడండి. 1949లోనే న్యాయ సహాయానికి చట్టం చేసిన దేశం. 2013 ఏప్రిల్ నుంచి కుటుంబ తగాదాల్లో చాలావాటిని, సంక్షేమ భత్యాల కేసుల్ని, అప్పుల కేసుల్ని చాలావరకు ఆ సహాయం కిందినుంచి తీసేసింది. ఇల్లు పోయే కేసుకి లాయర్ దొరుకుతాడు, కానీ భత్యం ఆగిపోయి అద్దె బాకీ పడుతున్నప్పుడు సలహా చెప్పేవాడు దొరకడు. కాలు కుళ్లాక కోస్తాం, పుండుకి మందు మాత్రం ఇవ్వం అన్నట్టుంది. ఫ్యామిలీ కోర్టుల్లో లాయర్ లేకుండా సొంతంగా నిలబడేవాళ్లు పెరిగారు, వాళ్లకి విడమరచి చెప్పలేక జడ్జిల టైము కూడా పోతోంది. ఈ కోతతో ఆదా అయిందేంటో మరి.

ఇంకో మాట, ఇది కొంచెం చేదు. వచ్చిన అందరికీ కేసు కావాలనుకోకండి. సగం మందికి కావలసింది అవతలివాడికి ఒక లెటర్, లేదా ఒక ఫోన్, లేదా "నీ తప్పు లేదు" అని నల్లకోటు వేసుకున్న మనిషి నోటి నుంచి ఒక్క మాట. అది దొరికాక వెళ్లిపోతారు. వాళ్లని "రాలేదు" అనే లెక్కలో వేస్తే మీకు అనవసరంగా టెన్షన్. మీ ఆరేడుగురిలో అలాంటివాళ్లు ఎంతమందో ముందు విడదీయండి.

అర్హత గీతకి కాస్త పైన ఉండేవాళ్ల సంగతి అయితే ఎవరికీ పట్టదు. ఉచితం అనడానికి జీతం ఎక్కువ, లాయర్‌ని పెట్టుకోవడానికి తక్కువ. నేను అలాంటివాణ్ణే, కాబట్టి ఆ కోపం కూడా ఇందులో కొంచెం ఉందనుకోండి.

—

సంచీ_వాలంటీర్:

నేను లాయర్‌ని కాను, పారాలీగల్ వాలంటీర్‌ని, అంటే కేంద్రానికి వచ్చినవాళ్లకి సాయంగా ఉండే మనిషిని. లాయర్లందరూ తీర్పులు చెప్పారు, నేను సంచీ గురించి చెప్తా.

మా దగ్గర వచ్చిన ప్రతి మనిషికీ జిప్ ఉన్న గట్టి ఫోల్డరు ఒకటి ఇస్తాం. కాగితాలు మొదటి రోజే ఫోటో తీసి పెట్టుకుంటాం, కవర్లతో సహా, ముందూ వెనకా. వాయిదా తేదీ ఫోల్డరు మీద పెద్ద అంకెల్లో రాసి, ఏ వారమో నోటితో చెప్పించుకుంటాం. "అర్థమైందా" అని అడగం, "ఇంటికెళ్లాక మీవాళ్లు అడిగితే ఏం చెప్తారు, నాకు చెప్పండి" అంటాం. అప్పుడు తెలుస్తుంది మనం ఎంత బాగా చెప్పామో! మొదటిసారి ఇలా అడిగినప్పుడు ఒక పెద్దాయన "మీరు జడ్జి గారితో మాట్లాడి ఇల్లు ఇప్పిస్తానన్నారు" అన్నాడు. నేను అన్నది దానికి పూర్తిగా వ్యతిరేకం.

ఫోన్ నంబరు దగ్గర తప్పకుండా అడగాల్సిన ప్రశ్న: ఈ ఫోను ఎవరిది? ఏ వేళలో మీ చేతిలో ఉంటుంది? ఎవరైనా ఎత్తితే మేం ఎవరమని చెప్పాలి? భర్త మీద కేసు వేయడానికి వచ్చిన ఆవిడ భర్త నంబరే ఇచ్చింది ఒకసారి, ఇంట్లో ఉన్నది ఆ ఒక్క ఫోనే మరి. ముందే అడగకపోతే మేమే కొంప ముంచేవాళ్లం.

ఆఫ్రికా దేశం మలావీలో 2000లో లాయర్లు కాని పారాలీగల్స్‌ని జైళ్లలోకి పంపడం మొదలుపెట్టారు. లాయర్లు చాలా తక్కువ, అందరికీ ఒక్కో లాయర్ అంటే ఎప్పటికీ కుదరదు. అందుకని వీళ్లు జైల్లోనే ఖైదీలని కూర్చోబెట్టి, బెయిలు ఎలా అడగాలి, జడ్జి ముందు ఏం చెప్పాలి అన్నది నాటకం వేసి నేర్పేవాళ్లు. ఒకడు జడ్జి, ఒకడు పోలీసు, ఒకడు తనే. కోర్టులో తనంతట తను నోరు విప్పగలిగేలా చేయడం అన్నమాట. నేను ఆ పద్ధతి ఇక్కడ చిన్నగా వాడతాను, వాయిదాకి ముందు రోజు సాయంత్రం ఐదు నిమిషాలు. నేను జడ్జినవుతాను, గొంతు పెంచుతాను, వాళ్లు నవ్వుతారు. మర్నాడు కోర్టులో గొంతు వణకదు.

ఒక సందేహం కొత్త_నల్లకోటు గారూ. నాలుగు రోజుల్లో రమ్మన్నారు సరే. ఆ నాలుగో రోజు మీరు అక్కడ కూర్చునే పూటేనా?

—

కొత్త_నల్లకోటు:

చివరి ప్రశ్న చదివి డైరీ తీశాను. కాదు.

నేను కూర్చునేది సోమవారం, గురువారం. ఆవిడ వచ్చింది గురువారం. నాలుగు రోజులంటే సోమవారం లెక్క కదా అనుకున్నాను నేను. ఆవిడ ఆ గురువారాన్ని కూడా లెక్కేసుకుంది. ఆదివారం సెలవు. మర్నాడు పనికి పోకపోతే ఒప్పుకోరు, మంగళవారం వచ్చింది. ఇదంతా నాకెలా తెలిసిందంటే, సంచీ_వాలంటీర్ గారు చెప్పినట్టు ఆ నంబరుకి మళ్లీ చేసి, ఈసారి "ఈ ఫోను ఎవరిదండీ" అని మొదలుపెట్టాను. ఆవిడ పనిచేసే ఇంటివాళ్లది. సాయంత్రం నాలుగు తర్వాత చేయమన్నారు, చేశాను, మాట్లాడింది.

రెండుసార్లు వచ్చిందట. ఆదివారం తాళం చూసి వెళ్లిపోయింది. మంగళవారం రసీదులు పట్టుకుని మధ్యాహ్నం దాకా బెంచీ మీద కూర్చుంది. "ఆ సార్ ఇవాళ రారు" అని ఎవరో చెప్పారు, ఎప్పుడొస్తారో ఆవిడ అడగలేదు, వాళ్లూ చెప్పలేదు. ఆవిడ వచ్చినట్టు రిజిస్టర్లో కూడా లేదు. "మీకు కుదరలేదేమోలే అనుకున్నాను సార్" అంది. నిష్టూరం కూడా కాదు, మామూలుగా అంది. నా నోట్‌బుక్‌లో ఆవిడ పేరు పక్కన "రాలేదు" అని ఎర్ర ఇంకుతో రాసి ఉంది.

బల్లకి_అవతల గారూ, మీరు చెప్పింది ముందు చదివినప్పుడు కొంచెం గుచ్చుకుంది. ఇప్పుడు ఇంకోలా గుచ్చుకుంటోంది.

—

పాత_ఫైలు:

గుచ్చుకోవడం తర్వాత. ఎక్స్‌పార్టీ ఉత్తర్వు రద్దు చేయమని పిటిషన్ వేయాలి, దానికీ గడువుంది. రోజులు లెక్కపెట్టుకోండి. మంగళవారం వచ్చి కూర్చున్నానని ఆవిడ అఫిడవిట్‌లో చెప్పాలి, "ఆ సార్ రారు" అన్నదెవరో కనుక్కోండి, వాళ్లు ఒప్పుకుంటే రెండు లైన్లు రాయించండి. తప్పు మీదైతే మీదని రాయండి, జడ్జిలు దానికి మిమ్మల్ని తినేయరు.

ఈసారి వకాలతు?

—

కొత్త_నల్లకోటు:

తీసుకున్నాను. ఇవాళ సాయంత్రమే, ఆవిడ పనిచేసే ఇంటి గేటు దగ్గర, నా బండి సీటు మీద పెట్టి. కవరు మటుకు దొరకలేదు.